గంధం కింద ములుకు

కుట్టుమిషనుకు నూనె వేసినప్పుడల్లా ఆ వాసనకు ఇప్పటికీ లేచి వాకిట్లోకి పోతాను. రేపల్లె పక్క మా ఊళ్ళో మా పెదనాన్న తన పిస్తోలుకు ఆ నూనే పట్టించేవాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ దాకా వెళ్ళి, లొంగిపోయిన జర్మను ఆఫీసరు నడుము నుంచి లాక్కొచ్చానని చెప్పుకునేవాడు. అంతకుముందు జర్మన్లు వాడిన పిస్తోలు సొగసైందేగానీ చెయ్యడానికి ఖర్చెక్కువనీ, బురద తగిలితే మొరాయించేదనీ, అందుకే దీన్ని తయారుచేశారనీ, లోపల తూటా ఉంటే వెనక చిన్న ములుకు పొడుచుకొస్తుందనీ, చీకట్లోనైనా బొటనవేలితో తడిమి తెలుసుకోవచ్చనీ వచ్చినవాళ్ళందరికీ పాఠం చెప్పేవాడు.

మాకు మాత్రం అదంటే హడల్. కాలవనీళ్ళు పక్కచేలోకి పోనిచ్చాడని పాలేరు మూతిమీద దాని పిడితో కొడితే, రెండు పళ్ళు నెత్తుటితో సహా మా వాకిట్లో ముగ్గుమీద పడ్డాయి. కాకి అరిచినా పేల్చేవాడు. ఆ మనిషంటే నాకు ఒళ్ళుమంట.

ఏటా దసరాకి కొడవళ్ళూ, నాగలీ, ఆ పిస్తోలూ కడిగి తుడిచి వరసగా పెట్టి, వంటింట్లోంచి గారెల వాసన వస్తుండగా పూజ చేసేవాళ్ళం. వాటికి గంధంబొట్లు పెట్టే పని పెదనాన్న ఒక్కగానొక్క కూతురు సరళక్కది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు పోట్లాడి గంధం గిన్నె లాక్కున్నాను. అక్క పెట్టేదానికంటే పెద్ద బొట్టు పెట్టాలని పిస్తోలు వెనకవైపు మందంగా మెత్తాను. మధ్యాహ్నానికి అది ఎండి గట్టిపడింది.

ఆ పూటే చీరాల నుంచి, పాత తుపాకులు పోగుచేసే పిచ్చి ఉన్న ఒకాయన కారులో వచ్చాడు. పెదనాన్న పిస్తోలు పిడిలోంచి తూటాల పెట్టె లాగి పక్కన పెట్టాడు. పొద్దున కాకిని కొట్టాక గొట్టంలో ఒక తూటా మిగిలిందని ఆయనకు గుర్తులేదు.

“ఖాళీయేనాండీ?” అన్నాడు చీరాలాయన.

“నా బొటనవేలే చెప్పిద్ది,” అంటూ పెదనాన్న ములుకు కోసం వెనక తడిమి, నున్నగా తగిలేసరికి నవ్వి, గుమ్మం వైపు గురిపెట్టి నొక్కాడు.

కాఫీ పట్టుకుని అప్పుడే గడప దాటుతున్న సరళక్క మెడలో తూటా దిగింది. నెత్తురు తలుపుమీదికి చిమ్మింది, నా గౌను తడిసిపోయింది. అక్క అరవలేకపోయింది. గొంతులోంచి బుడబుడమని చప్పుడు మాత్రం వచ్చింది. చీరాలాయన కారులోనే తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్ళారు గానీ భట్టిప్రోలు దాటకముందే ప్రాణం పోయింది.

శవంతో తిరిగొచ్చిన పెదనాన్న, పోలీసులు రాకముందే పిస్తోలు మీది గంధాన్ని గోటితో గీకి, నెత్తుటి పంచెతోనే తుడిచాడు. నన్ను దగ్గరికి లాక్కున్నాడు.

“బొట్టు సంగతి ఎవరికీ చెప్పమాక అమ్మాయ్. నేనే చూసుకోలేదు.”

పోలీసులకూ, పెద్దమ్మకూ ఆ మాటే చెప్పాడు. పెద్దమ్మ ఆయన పోయేదాకా మళ్ళీ ఆయనతో మాట్లాడలేదు.

ఇప్పుడా ఇల్లు లేదు, అక్కడ రొయ్యల చెరువు తవ్వారు. పిస్తోలును పోలీసులు పట్టుకుపోయారు. దసరాకి వరికోత మిషన్లకు బొట్లు పెడుతున్నారు. తొంభై దాటిన పెద్దమ్మ పోయినేడు కన్నుమూసే ముందు, “నా బిడ్డని ఆ మనిషే పొట్టన పెట్టుకున్నాడే,” అంది. పక్కన కూర్చుని చెంచాతో నీళ్ళు పోస్తున్న నేను, “అవును పెద్దమ్మా,” అన్నాను.