నాటకమన్నవాడి సాక్ష్యం

పాత పరుపులు విప్పి, దూది దులిపి, కొత్త గలీబు కుట్టే ఆ కార్ఖానాలో ఆమెను అందరూ పరుపుల పిన్ని అనేవారు. ఆ దుమ్ముకు ఆమె అంటే పుట్టుపగ. దుమ్ములో బతికే కంటికానని పురుగులు ఆమె గొంతు నులిమేవి. పీల్చే మందు కొంగున ముడివేసుకుని తిరిగినా వెల్లకిలా పడుకోవడం, మెట్లెక్కడం, చివరికి కడుపారా నవ్వడం సైతం ఆమెకు నిషిద్ధాలే. నవ్వితే దగ్గు, దగ్గితే ఆయాసం. ఆమె ఎదుట హాస్యమాడడమే ఇంట్లోవాళ్లు మానేశారు.

కార్ఖానా మేనేజరు పరాయివాడు కాడు, ఆమె భర్తకు స్వయానా అన్న. విప్పే గది నుంచి కుట్టే గదికి మార్చమని ఆమె అడిగినప్పుడల్లా ఆయన గుండెమీద చెయ్యి వేసుకుని, కళ్లు తేలేసి, మెడ నరాలు బిగించి, పిల్లికూతలతో సహా ఆమె ఆయాసాన్ని పనివాళ్ల ముందు అభినయించేవాడు.

"మా మరదలు నాటకాల్లో చేరాల్సిందర్రా!"

అందరూ నవ్వేవారు. ఆమె దగ్గర జవాబు ఉండేది, చెప్పే ఊపిరి ఉండేది కాదు.

ఆ తరువాత పెద్దాసుపత్రి డాక్టరు పీల్చే మందుకు తోడుగా నెలనెలా ఒక ఇంజెక్షన్ మొదలుపెట్టాడు. ఖర్చు పనివాళ్ల సహాయ నిధిది. కొన్నాళ్లకు ఆమె ఒక్క దిండుతో వెల్లకిలా నిద్రపోయింది. భర్త ఏదో అంటే పకపకా నవ్వి, దగ్గు రాకపోయేసరికి తానే బెదిరిపోయింది.

అప్పుడు నిధి కమిటీకి పెద్ద అయిన ఆ బావగారే కబురు పంపాడు. మనిషి కులాసాగా ఉంది కనుక ఇంజెక్షన్ ఆపుతామని, చెప్పుకునేదేమైనా ఉంటే కమిటీ ముందు చెప్పుకోమని.

"కాస్త ఆయాసపడుతూ కూర్చోవే. రెండు పిల్లికూతలు కూస్తే నీ సొమ్మేం పోయింది?" అని గొణిగాడు భర్త.

"నిజంగా చస్తుంటే నాటకమన్నారు. ఇప్పుడు నాటకమాడి మీ అన్నగారి మాట నిజం చెయ్యమంటారా?"

కమిటీలో నిధి తరఫు డాక్టరు ఒకరు, పనివాళ్ల తరఫున ముసలి దర్జీ ఉన్నారు. భర్త గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"చూడండి, దుక్కలా ఉంది," అన్నాడు బావగారు. "అసలీమెకు అంత జబ్బు ఎప్పుడూ లేదు. నేనెన్నడూ చూళ్లేదు."

"మందు ఆపితే మళ్లీ మొదటికొస్తుందండీ," అన్నాడు డాక్టరు.

"ఆ మొదలు ఎలా ఉండేదో చూసినవాళ్లెవరు?"

ఆమె లేచింది. "మీరే చూశారు బావగారూ. ఒకసారి చేసి చూపించండి."

"ఏం చెయ్యాలి?"

"నా ఆయాసం. నాకిప్పుడు రావడం లేదు. మీకు బాగా వచ్చు."

దర్జీ కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. "కానివ్వండి బాబూ. రోజూ చేసేవారేగా, ఇవాళ సిగ్గెందుకు? మెడ నరాలతో సహా."

బావగారి చెవులు ఎర్రబడ్డాయి. "ఏదో సరదాకి..."

"మెడ నరాలు బిగుసుకునేదాకా వచ్చిందా? మీరు చూశారా?" డాక్టరు గొంతు మారింది.

చూశానంటే ఇందాకటి మాట అబద్ధం. చూడలేదంటే ఇన్నేళ్లూ అభినయించినది దేన్ని? తప్పించుకునే సందు ఏ వైపునా లేదు.

"చూశాను."

"చూసి, ఏ గదికి పంపారు?" అని అడిగింది ఆమె.

"విప్పే గదికే."

ఇంజెక్షన్ కొనసాగించాలని డాక్టరూ దర్జీ సంతకాలు చేశారు.

"నీ పని అయిందిగా, ఇక వెళ్లమ్మా," అన్నాడు బావగారు, పుట్టి బుద్ధెరిగాక తొలిసారి ఆమెను 'అమ్మా' అని పిలిచి.

"కాలేదు." ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, కాగితం ఆయన ముందుకు తోసింది. "ఇప్పుడు చెప్పినదంతా రాసివ్వండి. లేబరు ఆఫీసులో ఫిర్యాదుకు నాకది కావాలి."

"ఒరే తమ్ముడూ, ఇంటి పరువురా, నువ్వైనా చెప్పు!"

తమ్ముడు గోడ వైపు తిరిగాడు.

ఆయన కలం మూత తీసి రాయడం మొదలుపెడితే ఆమె తృప్తిగా చూసింది. జాలి కలగలేదు, కలగవలసిన పనీ లేదు.

"నిదానంగా రాయండి బావగారూ, నాకిప్పుడు ఊపిరికి కొదవ లేదు. తేదీ మాత్రం మరిచిపోకండి."