పెళ్ళి అరుగెక్కిన ముంపు జనం

మొన్న వాయుగుండం పట్టి తెరిపి లేకుండా కురిసినప్పుడు తిరుచానూరులో మా వీధి చివరి బడిలో ముంపు జనానికి చోటిచ్చారని విని, ఇంట్లో ఉన్న పాత దుప్పట్లు చంకన పెట్టుకుని పోయినవాణ్ణి వాకిట్లోనే నిలబడిపోయాను. ఆడవాళ్ళకు లోపల గడియ ఉన్న వేరే గది, పసిబిడ్డల తల్లులకు తెర కట్టిన మూల, మరుగుదొడ్ల దాకా వరసగా దీపాలు, కాళ్ళు రాని వాళ్ళ చక్రాల కుర్చీ ఎక్కడానికి మెట్ల మీద వాలుగా పరిచిన చెక్క, వీటన్నిటి మీదా పెత్తనం చేస్తున్నది సహాయ దళం వాళ్ళ నారింజ రంగు కోటు తొడుక్కున్న ఒక చిన్నపిల్ల. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "తాతా, పెద్దోళ్ళకి ఆ పక్కన మంచాలేసినాము, పోయి పండుకో పో" అంది. నేను బాధితుణ్ణి కాను తల్లీ, దాతను, తాతను అసలే కాను అని చెప్పబోయి, కొంగు నడుముకు బిగించుకుని ఇట్లాగే అందరినీ అదిలించే ఒక అక్క గుర్తుకొచ్చి, దుప్పట్లు అక్కడ పెట్టి వచ్చేశాను.

నన్ను ఎరిగినవాళ్ళు నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వింటారు. వడమాలపేట పక్కన మా చెరువు కట్ట తెగిన ఏడు, పుత్తూరు బస్సు చక్రాలు ముడుచుకుని ఈదుకుంటూ వచ్చిందనీ, కండక్టరు టిక్కెట్లకు బదులు తెడ్లు పంచాడనీ నేను చెప్పని పెళ్ళి విడిది లేదు. ఆ బస్సు సంగతి మీరు నమ్మనక్కరలేదు. ఆ ముంపులోనే జరిగిన ఈ సంగతి మాత్రం నేను ఏ విడిదిలోనూ చెప్పలేదు.

అప్పటికి నాకు మీసాలు తప్ప వేరే ఉద్యోగం లేదు. తిరుపతిలో పదిమంది కుర్రాళ్ళం కలిసి ఒక సేవా సంఘం పెట్టుకుని, పెద్దదిక్కుగా మా మేనమామను కూర్చోబెట్టుకున్నాము. ఆయన చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరింట పెళ్ళయినా వంటశాల దగ్గర్నుంచి విడిది దాకా ఒంటి చేత్తో నడిపించే మనిషి. కట్ట తెగిందని తెలియగానే వడమాలపేటలోని కల్యాణమండపం తెరిపించి జనాన్ని అక్కడికి చేర్చాడు. అంతవరకూ బాగానే ఉంది గానీ, ఆ మహానుభావుడికి వచ్చిన విద్య అదొక్కటే కావడంతో ముంపు జనానికి కూడా పెళ్ళే చేసేశాడు. బురదకాళ్ళతో వచ్చినవాళ్ళను గుమ్మంలో చేతులు జోడించి రండి రండి అని పిలవడం, బంతులు వేయించడం, మొదటి బంతికి మగవాళ్ళను, రెండో బంతికీ మగవాళ్ళను కూర్చోబెట్టి ఆకు ఆకు దగ్గరా సాంబారు పోయించుకోమని బతిమాలడం. ఆడవాళ్ళ వంతు వచ్చేసరికి గుండిగ అడుగున గరిటె గీసుకుంటున్న చప్పుడే మిగిలింది.

మా సంఘంలో ఆడమనిషి ఆ అక్క ఒక్కతే. పుట్టిల్లు నగరి, మగ్గాల ఇల్లు. తిరుపతిలో టీచరు. కొంగు బిగించి మాతోపాటు నీళ్ళల్లో దిగి జనాన్ని ఒడ్డుకు చేర్చింది. ఆమె గుండిగలోకి తొంగి చూసి, "అన్నా, ఇంతకీ పెండ్లికొడుకు ఎవురు? అన్నం లేదని తెలిస్తే అలిగి పోతాడేమో" అంది. మా మామ ఏదో సర్దిచెప్పబోయాడు గానీ, వంటశాలలో అప్పటికే రెండో పొయ్యి రాజేయించి, మలి పూట నుంచి పిల్లతల్లులకూ ముసలివాళ్ళకూ పెట్టాకే తక్కిన బంతులని ఆమె కట్టడి చేసేసింది. హాల్లోకి నీళ్ళు వచ్చి పొడిగా మిగిలింది ఒక్క పెళ్ళి అరుగే అయితే, దాని మీద కాళ్ళు బార్లా చాపుకున్న మగవాళ్ళందరినీ లేపి కిందికి పంపి, నగరి నుంచి తెప్పించిన దుప్పట్లు స్తంభాలకు చుట్టూ కట్టి అరుగంతా ఆడవాళ్ళకు గది చేసింది.

అందరూ ఎక్కారు, కొందరు తప్ప. ఆ కొందరూ భర్త పోయినవాళ్ళు. వెలుపలి వసారాలో గోడకు ఆనుకుని, జల్లు మీద పడుతున్నా కదలకుండా కూర్చున్నారు. వాళ్ళలో మా అత్త ఉంది.

మా అత్త అంటే మా నాయన తోబుట్టువు. నన్ను కన్నది మా అమ్మ గానీ ఎత్తుకుని తిరిగింది, కథలు చెప్పి నా బుర్ర చెడగొట్టింది మా అత్తే. మెడ దాకా నీళ్ళలో నానిన మనిషి, ఒళ్ళు కాలిపోతున్నది, పళ్ళు టకటకలాడుతున్నాయి. మందు మింగించాము, అది కడుపులో నిలబడలేదు. పొడి చోటుకు చేర్చకపోతే మనిషి దక్కేటట్టు లేదు. ఎత్తుకుపోదామని వంగితే నా చేతులు తోసేసింది.

"తాళి గట్టే తావు అబ్బోడా అది. నాలాంటిది ఎక్కితే, రేపు ఆడ కూసునే ఆడబిడ్డకు ఏమన్నా అయితే ఎవురు సెప్తారు జవాబు?"

మా మామ తల పట్టుకుని, వీళ్ళు ఎంత చెప్పినా రారు, ఇక్కడికే కుంపటి తెప్పిద్దామన్నాడు. వానకు ఆ కుంపటి ఎంతసేపు నిలుస్తుందో ఆయనకూ తెలుసు.

అక్క నన్ను వంటశాల వెనక్కి రమ్మంది. కొంగు తడిపి నుదుటి బొట్టు తుడిచేసుకుంది. తాళి రవికె లోపలికి దోపుకుంది. గాజులు ఒక్కొక్కటే తీసి నా చేతిలో పెట్టి, "నోరు తెరిచినావంటే సంపుతా" అంది. మాటలమ్ముకుని బతికే నేను ఆ పూట నిజంగానే నోరు తెరవలేదు, జేబులో గాజులు గలగలమంటాయేమోనని నడవను కూడా లేదు.

ఆమె వసారాలో మా అత్త పక్కన చతికిలబడి, "నేనూ మీ మాదిరే అత్తా. పోయినేడు పోయినాడు మా ఆయన. పొద్దున్నించీ ఆ అరుగు మీదే పన్లు జేస్తా ఉండాను, అరుగు నన్నేమనలా. మీరు రాకపోతే నేనూ ఈడనే తడుస్తా" అంది. మా అత్త ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తరవాత గోడ పట్టుకుని లేచి, "పద బిడ్డా" అంది. ఆమె లేవగానే తక్కినవాళ్ళూ ఒకరి వెనక ఒకరు లేచారు. తెర పక్కకు జరిగింది. లోపలున్న ముత్తైదువలు ఏమంటారోనని నేను బిక్కచచ్చి చూస్తుంటే, ఒక బాలింత తన చాప సగం మడిచి మా అత్తకు చోటిచ్చింది.

జ్వరం దిగింది. నీళ్ళు తగ్గి జనం ఇళ్ళకు బయలుదేరిన రోజు మా అత్త గుమ్మం దగ్గర ఆగి, గోడ మీది అమ్మవారి పటం ముందున్న గిన్నెలో వేలు ముంచింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ వేలు కుంకుమ ముట్టడం నేను చూడలేదు. అక్కను దగ్గరికి పిలిచి నుదుట బొట్టు పెట్టింది.

"నీళ్ళల్లోంచి నన్ను లాగింది నువ్వే గదమ్మా. అప్పుడు నీ ముఖాన ఇంత బొట్టు ఉన్నింది. తుడుసుకున్నది నా కోసం, మళ్ళా పెట్టాల్సింది నేనే గదా."

అక్క కళ్ళు దించేసుకుంది. నేను జేబులోంచి గాజులు తీసి ఇచ్చాను. ఆ తరవాత కొన్నాళ్ళకు ఆమె భర్తకు తమిళనాడులో పని దొరికి వెళ్ళిపోయారు. ఊరు పేరు అడిగి ఉంచుకోవాలన్న జ్ఞానం ఆ వయసులో మనకు ఉంటుందా చెప్పండి. మా అత్త పోయేదాకా అడిగేది, ఆ పిల్ల యాడుండాదో కనుక్కోరా అబ్బోడా అని. నగరి పోయిన ప్రతిసారీ మగ్గాల వీధుల్లో ఒక చుట్టు తిరిగి, ఊరికే వచ్చేస్తుంటాను.

ఇప్పుడు ముంపు శిబిరాలకు పద్ధతులు వచ్చాయి, ఎవరికి ముందు పెట్టాలో ఎవరికి ఎక్కడ చోటివ్వాలో ఆ నారింజ కోటు పిల్లకు ఎవరూ చెప్పనక్కరలేదు, ఎంత సంతోషమో. కానీ పోయిన మాసం అదే మండపంలో మావాళ్ళ పెళ్ళికి పోతే, చిన్నప్పుడే భర్తను పోగొట్టుకుని కూలికి పోయి కొడుకును పెంచిన తల్లి, ఆ కొడుకు తాళి కడుతున్న వేళ స్తంభం చాటున నిలబడి, చేతిలోని అక్షింతలు వేయనా వద్దా అన్నట్టు పిడికిలి బిగించుకుని ఉంది. ఎవరూ పిలవలేదు. మేళం మోగుతూనే ఉంది. ఆ మేళంలో నేను మాత్రం, కొంగు బిగించుకుని ఎవరైనా లోపలికి వస్తారేమోనని వాకిలి వైపే చూస్తూ ఉండిపోయాను.