ఎండవైపు డైసీ, నీడవైపు డైసీ

సిడ్నీ శివారు గిరావీన్‌లో ఉండే ద్వారకానాథ్ గారి ముందు ఏ రెండు వస్తువుల్ని పట్టుకుని అయినా "రెండూ ఒకటేనండీ" అనకూడదు. అన్నారా, ఆయన చొక్కా జేబులోంచి భూతద్దం బయటికొస్తుంది. అది వచ్చిందంటే ఆ పూటకి మీ పనులు ఆగిపోయినట్టే.

ఈ సంగతి అపూర్వకి హారిస్ పార్క్‌లో ఒక కిరాణా కొట్టులో తెలిసింది. గుంటూరు నుంచి పీహెచ్‌డీకి వచ్చి అప్పటికి నెల. కొట్టతను నోరు విప్పిన రెండు బస్తాలు చూపించి, "ఏదైనా ఒకటే అంకుల్. సేమ్ రైస్, బ్యాగే డిఫరెంట్," అన్నాడు. ద్వారకానాథ్ గారు రెండిట్లోంచీ నాలుగేసి గింజలు అరచేతిలో వేసుకుని పది నిమిషాలు పరీక్షించారు. వెనక క్యూ అప్పడాల అర దాకా పెరిగింది.

"దీని పొట్ట మీద తెల్లమచ్చ ఉంది. దానికి లేదు. రెండూ ఒకటెలా అవుతాయయ్యా?"

"సరే అంకుల్, ఏది ఇమ్మంటారు?"

"నాకు బియ్యమెందుకు? చింతపండుకొచ్చాను."

క్యూలో అందరూ నిట్టూర్చారు గానీ అపూర్వకి ప్రాణం లేచొచ్చింది. యూనివర్సిటీలో ఆమె చేస్తున్నదీ అలాంటి పనే. ఎడారి మధ్య ఎర్రటి కొండచరియల మీద, రాతి పగుళ్లలో మొలిచే అడవి డైసీలుంటాయి. చూడ్డానికి గడ్డిచేమంతికి చుట్టాల్లా ఉంటాయి. వాటిలో ఏది ఏ జాతో తేల్చాలి. ఆ మాట చెప్పగానే ఆయన చింతపండు కూడా మర్చిపోయి ఆమెతో బయటికి నడిచారు.

ముప్పై ఏళ్లు పారమట్టాలో ప్రభుత్వ ఇంజనీరుగా వంతెనలు చూసుకున్న మనిషి ఆయన. రిటైరయ్యాక ప్రతి మంగళవారం, ఎండిన మొక్కల్ని భద్రపరిచేచోట వాలంటీరుగా కూర్చుని వాటిని అట్టలకి అంటిస్తున్నారు. తక్కిన ఆరు రోజులూ ఆయన చూపు మనుషుల మీద పడేది.

ఒకసారి ఎవరింట్లోనో కవలల పుట్టినరోజు. "వీళ్లని నేనే పోల్చుకోలేను అంకుల్," అంది తల్లి మురిసిపోతూ. కాసేపటికి కేకు ముక్క కోసం చెయ్యి చాపిన పిల్లాణ్ణి ఆయన ఆపారు.

"చెవి తమ్మె దవడకి అతుక్కుని ఉన్నవాడు వీడు. ఇందాక రెండు ముక్కలు తిన్నదీ వీడే. రెండో వాడికి ఇంకా అందలేదు."

"హౌ డిడ్ హీ నో?" అన్నాడు దొంగ. మళ్లీ ఏడాది వాళ్లింటి నుంచి పిలుపు రాలేదు.

రెండేళ్లు గడిచినా అపూర్వ పని ఒక కొండ దగ్గర ఆగిపోయింది. ఒకే కొండకి ఎండ పడే వైపు కొన్ని డైసీలు, నీడ వైపు కొన్ని. ఒకే జాతా, రెండా? ఒకటే అని ప్రొఫెసర్ నమ్మకం. "ఈ ట్రిప్‌లో తేడా దొరక్కపోతే ఆ చాప్టర్ వదిలెయ్," అన్నాడు. అది వదిలేస్తే థీసిస్‌లో మిగిలేది ముందుమాటే. అపూర్వ గుట్టుగా ఒక బ్యాంకులో డేటా ఉద్యోగానికి అప్లికేషన్ కూడా నింపి ఉంచుకుంది.

సాయానికి ద్వారకానాథ్ గారు బయల్దేరారు. ఆయన్ని కొండల మీదికి ఒంటరిగా పంపనంటూ భార్య శేషుకుమారి గారు జంతికల డబ్బాతో సహా బయల్దేరారు. ఎడారి నడుమ ఆలిస్ స్ప్రింగ్స్‌లో విమానం దిగి, అద్దెకారులో కొండ చేరారు.

మొదటి రోజంతా చూసి అపూర్వ నీరసంగా కూలబడింది. "ఆకు సేమ్, పువ్వు సేమ్. రెండూ ఒకటేనేమో అంకుల్."

ద్వారకానాథ్ గారి నోరు తెరుచుకుంది. చెయ్యి జేబు దాకా వెళ్లింది. అక్కడే ఆగి, దారి మార్చుకుని డబ్బాలోకి వెళ్లి ఒక జంతిక తీసి ఆ తెరుచుకున్న నోట్లో పెట్టింది.

"నువ్వే చూడమ్మా," అన్నారు నములుతూ.

ఆయనకి ఒంట్లో బాగాలేదనుకుంది అపూర్వ. రెండో రోజు ఆమె నాలుగుసార్లు "సేమ్" అంది. నాలుగు జంతికలు పోయాయి. మూడో రోజు మధ్యాహ్నానికి డబ్బా ఖాళీ. ఆమె మళ్లీ ఆ మాట అనబోతుంటే ఆయన గబగబా కారు దగ్గరికి వెళ్లి, అటు తిరిగి నిలబడ్డారు.

చేసేదిలేక అపూర్వ రెండు వైపుల నుంచీ ముదిరిన గింజలు తెచ్చి పక్కపక్కన పెట్టుకుంది. గింజ నెత్తిన తెల్లటి కుచ్చు ఉంటుంది. ఎండవైపు గింజని ముట్టుకుంటే చాలు, కుచ్చు ఊడిపోయింది. నీడవైపుది లాగినా రాలేదు. ఇరవై గింజలు చూసింది. అన్నీ అంతే.

"అంకుల్," అంది నెమ్మదిగా, "ఇవి వేరు."

ఆయన వచ్చి ఒక రాయి మీద కూర్చున్నారు. "అవునా? ఎలా చెప్పగలవు?" అని అరగంట సేపు ఆమె చేత పాఠం చెప్పించుకున్నారు. బడిపిల్లాడు కూడా అడగని ప్రశ్నలు అడిగారు.

రెండు నెలలకి ప్రొఫెసర్ ఒప్పుకున్నాడు. అపూర్వ స్వీట్లు పట్టుకుని గిరావీన్ వెళ్లింది. ద్వారకానాథ్ గారు పెరట్లో బట్టలు ఆరేస్తున్నారు.

"ఆ తేడా ఆయనకి నువ్వు రాకముందే తెలుసు," అన్నారు శేషుకుమారి గారు డబ్బా మూత తీస్తూ. "ఎవరో ఎప్పుడో కోసుకొచ్చిన మొక్కల్ని అట్టలకి అంటిస్తూ కనిపెట్టారట. ఇంటికొచ్చి నాకు బొమ్మ గీసి చూపించారు. రేపో మాపో అక్కడివాళ్లకి రాసిద్దామనుకుంటుంటే నువ్వొచ్చావు, అదే సబ్జెక్ట్ అన్నావు. ఇంక నోరు కుట్టేసుకున్నారు. చెప్పేస్తే నా కళ్లతో చూస్తుంది, ఆ పిల్లకి కళ్లు లేవా అంటారు."

అపూర్వ ఒకసారి పెరడు వైపు చూసింది. "నాకు దొరక్కపోయుంటే ఆంటీ?"

"దానికీ ఏర్పాటుంది. మూడో రోజు సాయంత్రం నేనే అనుకోకుండా కనిపెట్టినట్టు నటించాలి. ప్రయాణంలో ఆ పాఠమంతా నా చేత వల్లె వేయించారు. నువ్వేమో మధ్యాహ్నానికే చూసేశావు. నా కష్టమంతా వృథా."

"ఇప్పుడు చెప్పండి ఆంటీ. నేను వింటాను."

శేషుకుమారి గారు చేతులు తుడుచుకుని, కొంగు సర్దుకుని, బడిలో పద్యం అప్పజెప్పినట్టు నిలబడ్డారు.

"గింజ నెత్తిన కుచ్చు ఉండును. ముట్టుకోగానే ఊడిపోయేది నీడవైపుది. గట్టిగా ఉండేది—"

"నీడవైపుది కాదు, ఎండవైపుది," అని పెరట్లోంచి వినిపించింది.

ఆ మరుక్షణం ద్వారకానాథ్ గారు ఆరేసిన దుప్పటి వెనక్కి తప్పుకున్నారు.