ఉద్యోగమా, వ్యవసాయమా

పాపయ్యకు హిందీ రాదని ఎవరైనా అంటే ఢిల్లీ పక్కన వైశాలిలో అతని గల్లీ గల్లీ అంతా నవ్వుతుంది. ఇరవై మూడేళ్ళుగా గల్లీ చివర రేకుల షెడ్డులో కార్లూ స్కూటర్లూ బాగుచేస్తూ, వచ్చినవాడితో హిందీలోనే బేరమాడి, హిందీలోనే పోట్లాడి, హిందీలోనే ఓదార్చి పంపిన మనిషి. క్లచ్ ప్లేటు అరిగిపోయిందన్న కబురు ఎదుటివాడి గుండె జారకుండా చెప్పగల హిందీ అతనిది. కాకపోతే అదంతా బానెట్ కింద పనికొచ్చే హిందీ. ఆఫీసు కాగితాల మీద ఉంటుందే, ఆ హిందీతో అతనికి ముఖపరిచయం కూడా లేదు. ఆ సంగతి మొన్న మార్చి దాకా ఎవరికీ తెలియదు, అతనితో సహా.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం పాపయ్య కారు కింద వెల్లకిలా పడుకుని పనిచేస్తున్నాడు. గల్లీలో దుకాణాల వివరాలు రాసుకుంటూ ఒక సర్వే ఆయన వచ్చాడు. పాపం, నడుం వంచి, కారు కిందికి తల పెట్టి మరీ అడిగాడు. పేరేమిటి, ఎన్నేళ్ళయింది, ఏం పని చేస్తారు, అన్నీ అయ్యాక చివరి ప్రశ్న వేశాడు.

"ఆప్ కా కామ్ ఉద్యోగ్ మే ఆతా హై, యా వ్యవసాయ్ మే?"

పాపయ్య తెల్లబోయాడు. చేతిలో స్పానరు, మొహం నిండా గ్రీజు, ఛాతీకి జానెడు ఎత్తులో కారు. ఈ స్థితిలో ఉన్నవాణ్ణి పట్టుకుని నీది ఉద్యోగమా, వ్యవసాయమా అని అడుగుతాడేమిటి? గవర్నమెంటువాళ్ళ ప్రశ్నలు ఇలాగే ఉంటాయి కాబోలని సరిపెట్టుకున్నాడు.

"ఉద్యోగ్, జీ! వ్యవసాయ్ తో కబ్ కా ఛోడ్ దియా" అన్నాడు. వ్యవసాయం వదిలేసి ఎన్నో ఏళ్ళయిందని.

ఆ మాట కాస్త గొప్పగానే అన్నాడు. దానికి కారణం ఉంది. నరసరావుపేట దగ్గర రెండెకరాల మిరప చేను వరసగా మూడేళ్ళు కళ్ళముందే ఎండిపోతే, ఇంక జన్మలో వ్యవసాయం జోలికి పోనని ఒట్టు పెట్టుకుని ఢిల్లీ రైలెక్కాడు. సదాశివరావుగారనే కేంద్రప్రభుత్వ అధికారి దగ్గర డ్రైవరుగా కుదిరాడు. భార్య అన్నపూర్ణేశ్వరి తండ్రి పిల్లనిచ్చింది ఆ ముక్క చూసే. రైతుకు ఇవ్వనంటే ఇవ్వనని భీష్మించిన ఆ పెద్దమనిషి, "మా అల్లుడికి ఢిల్లీలో ఉద్యోగం" అని ఊరంతా చాటింపు వేసుకున్నాడు. తర్వాత సదాశివరావుగారికి బదిలీ అయింది, పాపయ్య సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. అయినా మామగారి లెక్కలో, తన లెక్కలో కూడా అది ఉద్యోగమే. మెట్రోలో ఉద్యోగ్ భవన్ స్టేషను వచ్చినప్పుడల్లా, ఉద్యోగులు దిగే చోటికి పేరు భలే కుదిరిందని మెచ్చుకునేవాడు కూడా.

మార్చిలో మున్సిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది. దాన్ని చదివింది కూతురు అక్షర. నోయిడాలో కంపెనీలో పనిచేస్తుంది. అమ్మానాన్నలు మాట్లాడే తెలుగు పైపైన అర్థమవుతుంది గానీ, నోరు తెరిస్తే వచ్చేది హిందీయే.

"పప్పా, ఔద్యోగిక్ ఇకాయీ లిఖా హై. మత్లబ్, ఇండస్ట్రీ!"

ఇళ్ళ మధ్య ఇండస్ట్రీ పెట్టకూడదట. పదిహేను రోజుల్లో వచ్చి సమాధానం చెప్పుకోకపోతే షెడ్డు ఖాళీ చెయ్యాలట.

"ఇండస్ట్రీయా? ఎవరిదే, మనదా?" అన్నాడు పాపయ్య. ఇండస్ట్రీ అంటే అతనికి తెలియనిది కాదు. చిలకలూరిపేట దారిలో స్పిన్నింగు మిల్లు చూశాడు. పెద్ద గేటు, షిఫ్టు మారితే సైరను, గేటు బయట వరసగా టీ కొట్లు. వెంటనే బయటికెళ్ళి తన షెడ్డు వైపు కొత్తగా చూశాడు. నాలుగు రేకులు, ఒక జాకీ, మేకులకు వేలాడే స్పానర్లు, టైర్లకు గాలి కొట్టే కంప్రెసరు. ఆ కంప్రెసరే కొంప ముంచిందని తీర్మానించుకున్నాడు. అది మొదలైతే పడుకున్న కుక్కలు లేచి పక్క గల్లీకి పోతాయి మరి. రెండు రోజులు దాని జోలికి పోకుండా కాలిపంపుతో టైర్లు నింపాడు. మోకాళ్ళు పట్టేశాయి. నోటీసు మాత్రం ఉన్నచోటే ఉంది.

మూడో రోజు భోజనాల దగ్గర మళ్ళీ అదే మాట వచ్చింది.

"ఇంతకీ ఆ వచ్చినాయనతో నువ్వేం చెప్పావయ్యా?" అని అడిగింది అన్నపూర్ణ.

"ఏం చెబుతా? ఉద్యోగమనే చెప్పా."

తండ్రే స్వయంగా ఆ మాట అన్నాడని వినేసరికి అక్షర చేతిలో రొట్టె ఆగిపోయింది. "ఆప్‌నే ఖుద్ ఉద్యోగ్ బోలా? క్యోఁ, పప్పా?"

"ఉద్యోగం కాకపోతే మరేందమ్మా? వ్యవసాయమా?"

"హాఁ! వ్యవసాయ్! వహీ తో బోల్నా థా!" అదే చెప్పాల్సిందని పిల్ల బల్ల గుద్ది మరీ అంది.

పాపయ్య కూతురి వైపు నిదానంగా చూశాడు. బంగారం లాంటి పిల్ల, కంప్యూటర్ల ముందు కూర్చుని కూర్చుని ఇలా అయిపోయిందనుకున్నాడు. కూతురు తండ్రిని అంతకన్నా జాలిగా చూసింది. అన్నపూర్ణ ఇద్దరినీ చూసి, ఈ ఇంట్లో ఎవరికి మతిపోయిందో తేల్చుకోలేక మజ్జిగ తేవడానికి లేచిపోయింది.

ఆ సాయంత్రం నాగభూషణంగారు కారు వేసుకొచ్చారు. ప్రభుత్వ గణాంకాల శాఖలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. కారుకు ఏమీ లేకపోయినా, తెలుగు మాట్లాడుకోవడానికి నెలకోసారి ఏదో చప్పుడు వస్తోందని వస్తారు. పాపయ్య చెప్పిందంతా విని, ముందు నవ్వారు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, మంచినీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకున్నారు.

"ఓరి పాపయ్యా! హిందీలో ఉద్యోగమంటే పరిశ్రమయ్యా. ఫ్యాక్టరీ. వ్యవసాయమంటే వ్యాపారం, దుకాణం లాంటిది. ఆయన నీది ఫ్యాక్టరీయా, వ్యాపారమా అని అడిగితే, ఫ్యాక్టరీయేనని నువ్వే ఒప్పుకున్నావు."

పాపయ్య స్టూలు మీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళుగా ఉద్యోగ్ భవన్ మీదుగా తిరిగాడు గదా, ఒక్కడూ చెప్పలేదే!

"మరి సార్, నిజానికి నాదేంది?"

"దేశంలో ఉన్న పనులన్నిటికీ నంబర్లిచ్చిన పుస్తకం ఒకటుందయ్యా. అందులో కార్ల రిపేరుని వర్తకం పక్కన పెట్టారు. టోకు వర్తకం, చిల్లర వర్తకం, మోటారు బండ్ల రిపేరు, అన్నీ ఒకే అధ్యాయం. కార్లదో నంబరు, స్కూటర్లదో నంబరు."

"నేను రెండూ చేస్తా గదండీ?"

"దేని పని ఎక్కువైతే ఆ నంబరు."

"నేనేమీ అమ్మను గదా. నన్ను తీసుకుపోయి అమ్మేవాళ్ళలో ఎందుకు కలిపారు?"

"అదే వింత. పాత టైరుకి కొత్త రబ్బరు తొడిగే షాపుందనుకో, అది తయారీలోకి పోతుంది. నువ్వు పాత బండికి కొత్త బ్రేకులు వేస్తే వర్తకంలోకి వస్తావు. మిక్సీలు బాగుచేసేవాడు ఇంకో అధ్యాయంలో ఉంటాడు."

"ఎందుకట్టా?"

నాగభూషణంగారు తల గోక్కున్నారు. "ముప్పై ఏళ్ళు ఆ పుస్తకం ముందేసుకునే కూర్చున్నా. నాకూ తెలియదు" అని నిజం ఒప్పేసుకున్నారు. "అదంతా నీకెందుకు? ఆఫీసుకెళ్ళి పొరపాటైంది, నాది వ్యవసాయ్ అని చెప్పు. షెడ్డు దక్కుతుంది."

చెప్పడం తేలికే. దారి పొడుగునా పాపయ్య ఆ మాటను నోట్లో తిప్పుతూనే ఉన్నాడు. హిందీ వ్యవసాయమే, మనది కాదు అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. అయినా ఆ మాట నోట్లో మెదిలినప్పుడల్లా ఎర్రబారకుండానే రాలిపోయిన మిరపకాయలు, చేలో కూలబడిన నాయన కనబడుతున్నారు. ఆఫీసులో అధికారిణి కళ్ళజోడు సవరించుకుని ఓపిగ్గా అడిగింది, ఉద్యోగ్ యా వ్యవసాయ్ అని. పాపయ్య చొక్కా కొసతో మొహం తుడుచుకున్నాడు. ఆమె రెండోసారి అడిగింది. వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు. షెడ్డు గుర్తొచ్చింది, గోడ మీద మేకుల వరస గుర్తొచ్చింది.

"వ్యవసాయ్, మేడమ్" అన్నాడు. "మై వ్యవసాయ్ కర్తా హూఁ."

అంటూనే కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. దుకాణమని చెప్పడానికి ఏడ్చే మనిషిని ఆమె ఇంతవరకూ చూసి ఉండదు. కంగారుగా మంచినీళ్ళ సీసా ఇటు జరిపి, కార్లా స్కూటర్లా, ఏది ఎక్కువ అని మాత్రం అడిగి, కార్లని రాసుకుని, ముద్ర వేసి ఇచ్చేసింది.

ఇంటికొచ్చాక అక్షర ఆ కాగితం పైకి చదివింది. నోటీసు రద్దయింది, షెడ్డు ఉన్నచోటే ఉంటుంది. యజమాని పేరు పాపయ్య, వర్గం వ్యవసాయ్. నాగభూషణంగారు చెప్పిందంతా పాపయ్య అప్పటికే రెండుసార్లు వివరించినా, ఆ మాట చెవిన పడేసరికి అన్నపూర్ణ చేతిలో గరిటె ఆగింది.

"మా నాయనకి మాత్రం చెప్పమాకయ్యా" అంది. నవ్వు ఆపుకుంటూ, "ఎన్నెకరాలంట?" అని అడిగింది.

"పన్నెండడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు" అన్నాడు పాపయ్య.

ఈసారి అన్నపూర్ణ నవ్వలేదు. కాగితం అందుకుని, మడత పడకుండా దేవుడి పటం వెనక పెట్టింది.

"దీన్నన్నా ఎండనీమాక" అంది.