ఇంజను చప్పుడు మీద మోహన

ఎచ్చెర్ల కాలేజీలో నాతోపాటు పాఠాలు చెప్పే స్నేహితురాలు, శ్రీకాకుళంలో తన ఇంటి హాల్లోనే ఒక వేణువు కచేరీ పెట్టింది. మైకు లేదు, వేదిక లేదు. పాతికమందిమి చాపల మీద కూర్చోవాలి. ఆ ఆదివారం కోసం వారం రోజులు ఎదురుచూశాను.

తీరా ఆ పొద్దున్నే భావనపాడు నుంచి మా మేనత్త దిగింది, కళ్లజోడు మార్పించుకుందామని. చేపలమ్మే మనిషి. బజారు ఈ చివర మాట్లాడితే ఆ చివరికి వినిపిస్తుంది. ఇంట్లో ఒక్కదాన్నే వదిలి వెళ్లలేను, తీసుకెళ్లాలంటే బెరుకు. చివరికి సాయంత్రం వెంటబెట్టుకునే వెళ్లాను.

"అక్కడ మాట్లాడకూడదు అత్తా," అని ఆటోలో రెండుసార్లు చెప్పాను.

"నోరు కుట్టీసుకుంతాన్లే, ఊరుకోయే," అంది.

వేణువు వాయించే ఆయన జీన్సు ప్యాంటుతోనే బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్కన గిటారుతో ఒక అమ్మాయి. మోహన రాగంతో మొదలుపెట్టాడు. వింటూ వింటూ ఉండగానే అది ఎక్కడ మలుపు తిరిగిందో, జాజ్‌లోకి వెళ్లిపోయింది. తర్వాత ఇంకా పొడుగాటి వేణువు తీసి, ఊదుతూనే పెదాలతో టుకుటుకుమని తాళం వేశాడు. ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగాడు.

"ఒసే, మన బోటు ఇంజను ఇలాగే అంతాదే!" అత్త గొంతు హాలంతా మోగింది.

సిగ్గుతో చచ్చిపోయాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మాత్రం వేణువు దించి, "ఎలా అంటుందమ్మా?" అన్నాడు.

"బాగుంటే ఒకలాగ, జబ్బు సేస్తే ఒకలాగ బాబూ. మా ఇంటాయన బోటు ఒడ్డుకి రాకముందే సెవితో పోల్చీగల్ను."

"రెండూ వినిపించండి."

అత్త ముందుకు జరిగి, తొడ మీద చరుస్తూ నోటితో పలికించింది. మంచి ఇంజను హాయిగా పరిగెత్తింది. జబ్బు ఇంజను మూడు దెబ్బలు కొట్టి, ఒకటి మింగి, దగ్గింది. ఆ మింగడమే ఆయనకి నచ్చింది. ఆ నడకని వేణువు మీదకి ఎత్తుకున్నాడు. గిటారు అమ్మాయి అందుకుంది. దాని మీదకి మోహన మళ్లీ వచ్చి చేరింది.

"అలా కాదు బాబూ, అక్కడ దగ్గాల!"

ఆయన నవ్వుతూ దగ్గించాడు. పాతికమందిమీ చప్పట్లు కొడుతూ ఆ తాళంలో పడిపోయాం. ఈవిడ మా అత్త అని, అడగని వాళ్లకి కూడా చెప్పాను.

పకోడీల దగ్గర అత్త ఆయన్ని వదల్లేదు. "మా ఊరు రా బాబూ. సందువాయి చేప పులుసెడతాను. ఈ పిల్లని కూడా తీసుకురా."

మర్యాదకి తలూపాడనుకున్నాను. మర్నాడు పొద్దున్నే మా ఇంటి ముందు ఆయన కారు ఆగింది, గిటారు అమ్మాయి పక్కన అత్తకీ నాకూ చోటుంచి.

భావనపాడులో పులుసన్నం తిన్నాక సముద్రం ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న వాళ్ల మధ్య కూర్చుని వాయించాడు. ఆపైన వేణువు అత్త చేతికిచ్చి ఊదమన్నాడు. మొదట ఉత్త గాలి వచ్చింది. మళ్లీ గాలే. నాలుగోసారికి కీచుమని ఒక్క స్వరం లేచింది. అత్త నవ్వుతూ ఇసకలో చతికిలబడింది. నేను కాలేజీకి రావడం లేదని ఫోన్లో సందేశం పెట్టేసి, చెప్పులు విడిచి, ఆవిడ పక్కనే కూర్చున్నాను.