వాకిటికి ఎదురుగా సందు

రోడ్డును నాలుగు వరసలు చేస్తారని తెలిసిన రోజు మా నాయన క్షవరం చేయించుకున్నాడు. ఆయన సంతోషం బయటపడే పద్ధతి అంతే.

మా మామిడితోట బంగారుపాళ్యం దగ్గర, చెన్నై–బెంగళూరు రోడ్డును ఆనుకుని ఉండేది. ఇల్లు తోటలోనే. రోడ్డుకు అవతల, మాకు ఎదురుగా, మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ. కాయల కాలంలో దాని ముందు ట్రాక్టర్లు బారులు తీరేవి. నాయన వాకిట్లో మంచం వేసుకుని ఆ బారునే చూస్తూ కూర్చునేవాడు. అది పొట్టిగా కనిపించగానే లేచి, లోడు ట్రాక్టరును అవతలికి దాటించేవాడు. దూరం నుంచి వచ్చిన రైతులు రెండేసి రోజులు పడిగాపులు కాస్తుంటే, మా కాయ మాత్రం చెట్టు దిగిన పూటే ఫ్యాక్టరీలో పడేది. నాయనకు వ్యవసాయంలో ఉన్న తెలివంతా ఆ మంచం వేసిన చోటులోనే ఉందని అమ్మ అనేది.

రెండువేల సంవత్సరం దాటాక రోడ్డు పని దగ్గరికొచ్చింది. షామియానా వేసి మీటింగు పెట్టారు. రోడ్డు మీద పెట్టే డబ్బు పంటగా, కరెంటుగా, వ్యాపారంగా తిరిగొస్తుందని ఒక అధికారి చెప్పాడు. నాయన ముందు కుర్చీలో కూర్చుని అన్నిటికీ తలూపాడు. రోడ్డంచున రెండు సాళ్ల చెట్లు పోతాయన్నా తలూపడం ఆపలేదు. కాయ తొందరగా చేరేదానికే కదా రోడ్డు, పోనీ అన్నాడు.

సర్వే మనిషి ప్లాను విప్పి చూపించాక కథ మారింది. రోడ్డు మధ్యలో డివైడరు వస్తుందట. బండ్లు అవతలికి దాటేదానికి మా వాకిటికి ఎదురుగా దాంట్లో ఒక సందు ఇస్తున్నారట. వంకరగా ఉన్న ఫ్యాక్టరీ దారిని కూడా నిటారుగా చేసి ఆ సందులో కలుపుతారట. శుభవార్త చెబుతున్నానని ఆయన అనుకున్నాడు. నాయన మొహం మాడిపోయింది. ఫ్యాక్టరీ దారి, సందు, మా వాకిలి, మూడూ ఒకే గీతలో ఉన్నాయి. దారి నేరుగా వచ్చి ఇంటిని పొడుస్తుంది. అంటే వీధిపోటు. వీధిపోటున్న ఇంట్లో మా వైపు బాడుగకు కూడా దిగరు.

"వాకిలి నాలుగు గజాలు పక్కకి జరుపుకుంటే సరిపోయె గదా. దానికి రోడ్డును జరపల్లా?" అని అడిగింది అమ్మ.

"వాకిలి మా నాయన పెట్టినాడు. రోడ్డు నిన్న వచ్చింది. జరగాల్సింది రోడ్డే" అన్నాడు నాయన.

నేనప్పుడు చిత్తూరులో డిగ్రీ చదువుతున్నాను. అక్కడ సందు వద్దని అర్జీ రాసే పని నామీద పడింది. వీధిపోటు అని రాస్తే ఆఫీసులో నవ్వుతారని నాకు తెలుసు. అందుకని ప్రజల భద్రత అని రాశాను. వేగంగా వచ్చే లారీలు, అడ్డం వచ్చే పశువులు, బడికి పోయే పిల్లలు, అన్నీ అంకెలు వేసి రాశాను. సందు లేకపోతే మా ట్రాక్టరు ఎట్లా దాటుతుందన్న ఆలోచన నాకు రాలేదు. దస్తూరి ముత్యాల్లా వస్తోందన్న సంబరంలో ఉన్నాను. నాయనేమో డివైడరంటే మడి గట్టులాంటిదని, కావలసినప్పుడు కాస్త చదును చేసుకుని దాటొచ్చని అనుకున్నాడు. ఊరంతా సంతకాలు పెట్టింది. బస్టాపు కోసం మా ఊరు ఇచ్చిన అర్జీకి ఈనాటికీ జవాబు లేదు. దీనికి మాత్రం నెల తిరగకుండా పని జరిగింది. సందు మూడు కిలోమీటర్ల అవతలికి పోయింది.

రోడ్డు పూర్తయ్యింది. గట్టు మోకాలెత్తు కాంక్రీటు. దాని మీద పూలమొక్కలు కూడా నాటారు.

ఆ ఏడు కాయల కాలంలో నాయన ఎప్పటిలాగే మంచం వేసుకున్నాడు. బారు పొట్టిగా కనిపించగానే ట్రాక్టరు తీశాడు. మూడు కిలోమీటర్లు పోయి, సందులో లారీల వెనక నిలబడి, తిరిగి మూడు కిలోమీటర్లు వచ్చేసరికి ఆయన ముందు ముప్పై ట్రాక్టర్లున్నాయి. మా ఇల్లు ఎదురుగా కనిపిస్తూనే ఉంది. అమ్మ అన్నం గిన్నెతో డివైడరెక్కి, పూలమొక్కలు తొక్కకుండా దిగి, ఆయనకు పెట్టి వచ్చేది. మూడో రోజు వాన పడింది. లోడు గేటు దగ్గరికి చేరేసరికి కాయ మెత్తబడిపోయింది.

"కారతా ఉండాది గదప్పా. వాపసు తీసుకపో" అన్నాడు గేటు దగ్గరి మనిషి.

వాపసు రావడానికి సందు ఇంకో దిక్కున, నాలుగు కిలోమీటర్లు. ఆ కాయంతా తోటలో పారబోశాం. నాయన దాని పక్కనే గొంతుక్కూర్చుని ఒక్కో కాయ తీసి, నొక్కి చూసి, మళ్లీ అక్కడే పెడుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంకా సగం పంట చెట్ల మీదే ఉంది. సందు లేకపోతే దాని గతీ ఇంతే.

మర్నాడు మా వాకిటికి ఎదురుగా సందు కావాలని ఇంకో అర్జీ రాశాను. నాయన, నేను చిత్తూరు ఆఫీసుకు పోయాం. ఇంజినీరు మర్యాదస్తుడు. కుర్చీలు వేయించి, మేం చెప్పిందంతా విని, ఫైలు తెప్పించి పాత అర్జీ బయటికి తీశాడు. కింద మొదటి సంతకం నాయనది.

"వద్దన్నది మీరే కదండీ. పిల్లలూ పశువులూ చచ్చిపోతారని ఇంత వివరంగా రాశాక, నేను మళ్లీ అక్కడ సందు ఎలా ఇవ్వను?" అన్నాడు. కాగితం మడిచి పెట్టబోతూ ఆగి, ఇంకోసారి చూశాడు. "రాసిందెవరో కానీ, చాలా బాగా రాశారు."

నేను నేల చూపులు చూస్తున్నాను. రెండో అర్జీ నా చేతిలోనే ఉంది. అదే దస్తూరి.

కాయ పారబోసినప్పటి నుంచి నాయన సరిగా మాట్లాడింది లేదు. అప్పుడు మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"మా పాప సార్" అన్నాడు. "మా పాపే రాసింది."