కప్పు ఊపేదాకా

మా సూళ్లూరుపేటలో గల్ఫ్ ఏదైనా సరే దుబాయ్ అనే అంటాం. నిజానికి మా ఆయన కాశిం ఇరవై ఏళ్లకు పైగా ఉండింది అబుదాబి పక్కన ముసఫ్ఫాలో. సొట్టలు పడ్డ కార్లను సాపు చేసే పని. గ్యారేజీ, రూము, కంపెనీ బస్సు, సెలవు దొరికితే ఎయిర్‌పోర్టు. ఆయన చూసిన దేశం అంతే. పోయిన చలికాలం ఫోన్ చేసి, "ఇంక ఖలాస్ మే, వచ్చేస్తుండా" అన్నాడు. నేనప్పుడే పట్టుబట్టా. "నువ్వు రాబోయే ముందు నేనే అక్కడికొస్తా. ఆ దేశం ఎట్టుంటాదో ఇద్దరం చూసి, ఇద్దరం కలిసే వద్దాం" అన్నా.

విజిట్ వీసా మీద పొయ్యి, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా చెల్లెలు రజియా ఇంట్లో దిగా. రజియా, మా మరిది కలిసి మా ఇద్దరికీ రెండు రోజుల టూరు బుక్ చేసి పెట్టారు. బస్సుల్లో తిప్పి బిల్డింగులు చూపించే టూరు కాదు. గైడు ఎంట ఉంటాడు, పది మంది జట్టు. ఒక రోజు పక్షులూ సైకిలూ, రెండో రోజు రాస్ అల్ ఖైమా కొండల్లో నడక. ఆ మాట చెప్పగానే నాకు ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు!

కొండల మోజు అట్టుంచి, నాకు ఇంకో ఆశ ఉండింది. మా ఆయన కూర్చోడు. సెలవుకు ఇంటికొచ్చినా గుమ్మం దగ్గర నిలబడే టీ తాగతాడు. అందరూ తిన్నాక తింటాడు. చిన్న పిల్లకాయలొచ్చినా కుర్చీలోంచి లేస్తాడు. సొంత ఇంట్లో పని అడగను వచ్చినోడి మాదిరి ఉంటాడు. సెలవు రోజుల్లో అయితే సరిపెట్టుకున్నా. ఇంక శాశ్వతంగా వస్తా ఉండాడే! మిగిలిన బతుకంతా ఆ గుమ్మాన్ని పట్టుకోనే నిలబడితే నేనేమైపోవాల? ఈ రెండు రోజులన్నా టిక్కెట్టున్న మనిషిగా నా పక్కన కూర్చోని, నా పక్కన నడవాల. అంతకు మించి నేనేం కోరలేదు.

శనివారం పొద్దున ఎనిమిదికి రజియా వాళ్ల బిల్డింగు కిందకి మినీబస్సు వచ్చింది. దిగినాయన ట్రాక్ ప్యాంటూ టోపీ వేసుకోని ఉండాడు, పాతికేళ్లు ఉంటాయేమో. "నా పేరు హమద్, మీ గైడుని. ఈ దేశం వాణ్ణే, ఆ కొండల్లోనే పుట్టా" అని చక్కటి హిందీలో చెప్పాడు. అంతే, మా ఆయన మొహం మారిపోయింది.

"ఏం మే, లోకల్! అర్బాబ్ జనం!" అని నా చెవులో అన్నాడు. అర్బాబ్ అంటే వాళ్ల మాటల్లో యజమాని. చొక్కా గుండీలు సర్దుకోని, ఎవురూ అడక్కుండానే అందరి బ్యాగులూ డిక్కీలోకి ఎత్తడం మొదలుపెట్టాడు. తలుపు పట్టుకోని అందర్నీ ఎక్కించాడు. తరవాత యాడ కూర్చున్నాడనుకున్నారు? నేను ముందు కిటికీ పక్కన సీటు పట్టి పెడితే, ఈయన పొయ్యి చివర నీళ్ల పెట్టెల మధ్య ఒదిగాడు.

"ఏమయ్యా, ఇటు రా!"

"ఆడ పెద్దోళ్లెవురన్నా కూర్చుంటార్లే."

ఆ సీట్లో సిసిలీ అనే మలయాళీ నర్సు కూర్చునింది. ఒంటరిగా వచ్చిన మనిషి, బలే సరదా అయింది. "మీ వారు ఈ కంపెనీలో పనిచేస్తారా?" అని హిందీలో అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అరగంటలో అల్ వత్బా చేరాం. చిత్తడి నేల, చలికాలంలోనే జనాన్ని లోపలికి రానిస్తారు. ఇసకలో నడక దారి, అక్కడక్కడా చెక్కల చాటు. ఆ చాటుకు కన్నాలుంటాయి, వాటిలోంచి చూడాల. హమద్ వేలు పెదాల మీద పెట్టుకోని, గమ్మునుండమని సైగ చేశాడు. నేను కన్నంలోంచి చూశా. నీళ్ల నిండా గులాబీ రంగు! పొడుగు కాళ్లు, వంకర ముక్కులు, తలకాయ నీళ్లలో ముంచి తింటా ఉండాయి.

"ఓరి దేవుడా, ఇయ్యి మనూరియే కదా!" అని అరిచేశా. చలికాలం మా పులికాట్ సరస్సుకొచ్చే పక్షులే అవి. మా ఇంటి కాణ్ణించి బస్సెక్కి పోతే కనిపిస్తాయి. నా అరుపుకి ఒక గుంపు అట్టా లేచి, రెక్కల కింద ఎర్రగా మెరిసి, అవతల ఒడ్డున వాలింది. అందరూ 'ష్' అన్నారు. ఒక తెల్లాయన మటుకు కెమెరా చూపించి, ఎగిరేటప్పుడు బలే ఫోటో దొరికిందని నాకు దణ్ణం పెట్టాడు. ఈ యాత్రకు పొయ్యే వాళ్లకు నేను చెప్పేది ఒకటే. నోరు ఇంట్లో పెట్టి పోండి.

తరవాత పక్కనే ఎడారి మధ్యలో సైకిళ్ల రోడ్డు. సైకిళ్లు బాడుగకిస్తారు. ఊళ్లో జాకెట్లు కుట్టి ఇంటింటికీ ఇచ్చొచ్చేది నేను సైకిల్ మీదే కాబట్టి, చీర కొంగు బిగించి ఎక్కా. నున్నటి రోడ్డు, ఎదురు గాలి, రెండు పక్కలా ఇసక దిబ్బలు. ఒక బర్రె లేదు, ఒక ఆటో లేదు, గుంత అనేదే లేదు! సిసిలీ ఎనకనించి "చేచ్చీ, మెల్లగా!" అని కేకలేస్తా ఉంది. చేచ్చీ అంటే మలయాళంలో అక్క. నేను ఆగితే కదా! పద్దెనిమిదేళ్ల పిల్లని అయిపొయ్యా.

తిరిగొచ్చేసరికి మా ఆయన అందరి సైకిళ్లకూ సీట్లు ఎత్తిచ్చి, హ్యాండిళ్లు బిగిస్తా కనబడ్డాడు. తన సైకిలు స్టాండు మీదే ఉంది, ఎక్కనే లేదు.

"నువ్వు తొక్కలా?"

"చేతులు గమ్మునుండవు మే."

మధ్యాన్నం ఒక కెఫెటేరియాలో ఆగి, హమూర్ చేప వేపుడూ అన్నం తిన్నాం. ఆయన బయట డ్రైవరు పక్కన నిలబడి, రజియా కట్టిచ్చిన నిమ్మకాయ పులిహోర తిన్నాడు. నేను బయటికి పొయ్యి, "పెళ్లికి పిలిస్తే వచ్చినోడివా, వడ్డించడానికి వచ్చినోడివా నువ్వు?" అని గట్టిగానే అడిగేశా. డ్రైవరు పఠాన్ మనిషి, భాష తెలియకపోయినా సంగతి అర్థమయి, నవ్వాపుకోలేక అటు తిరిగాడు. మా ఆయన చెయ్యి కడుక్కోని, "కోప్పడమాక. లోపల ఆ అర్బాబ్ పిల్లోడు తింటా ఉంటే, ఎదురుగా కూర్చుంటే ముద్ద దిగదు నాకు" అన్నాడు. నా కోపం సగం ఆవిరయిపోయింది. మిగిలిన సగం అట్నే ఉంది.

మూడు గంటల పైన ప్రయాణం చేసి, పొద్దు గూకే వేళకు రాస్ అల్ ఖైమా కొండల కింద గుడారాలు చేరాం. దుబాయ్ అంటే ఎండే కదా అని నేను శాలువా తెచ్చుకోలా. ఎముకలు కొరికే చలి! సిసిలీ తన స్వెట్టరిచ్చింది. మీరు మాత్రం శాలువా మర్చిపోమాకండి, చెప్పులేసుకోని కూడా పోమాకండి, బూట్లే ఉండాల.

మర్నాడు పొద్దున ఆరున్నరకు నడక. ఎవురి నీళ్లు వాళ్లే మొయ్యాలని హమద్ ముందే చెప్పాడు. తీరా బయల్దేరేసరికి మా ఆయన భుజాల మీద సిసిలీది, తెల్లాయనది, మాది, అన్ని సంచులూ ఎక్కి కూర్చున్నాయి.

హమద్ చూసి, "భాయ్, ఇవన్నీ ఎందుకు?" అన్నాడు.

"ఆదత్ హై సాబ్." అలవాటంట!

"సాబ్ కాదు, హమద్."

"ఠీక్ హై సాబ్."

అందరూ పగలబడి నవ్వారు. హమద్ ఒక్కో సంచీ దింపి, ఎవురిది వాళ్లకిచ్చాడు. చేతులు ఖాళీ అయ్యేసరికి మా ఆయనకు వాటిని యాడ పెట్టుకోవాలో తోచలా.

దారి ఎండిపోయిన వాగులో. వాగును వాళ్లు వాదీ అంటారు. గుండ్రాళ్ల మీద అడుగేస్తే జారతాయి. రెండు పక్కలా నిటారు కొండలు, గడ్డిపరక లేదు. రంగు మటుకు పూటకోటి! మొదట బూడిద రంగు, ఎండ తగలంగానే గోధుమ రంగు, పైకెక్కేకొద్దీ ఎరుపు. ఒక మలుపులో అడివి గాడిదలు అడ్డంగా నిలబడి మమ్మల్ని ఎగాదిగా చూశాయి. పైన రాబందులు తిరుగుతా ఉంటే, "మనం అలిసిపోతామేమో అని చూస్తుండాయి" అని సిసిలీకి చెప్పా. ఒక చెట్టు కింద కాయలు రాలి ఉంటే తీసుకోని కొరికా. రేగిపండు! అచ్చం మా రేగిపండే! కొంగు నిండా ఏరుకోని అందరికీ పంచా. మా ఆయన నాకు పది అడుగులు ఎనకే వస్తా ఉండాడు. నేనాగితే ఆయనా ఆగతాడు. ఇదేం నడకయ్యా అంటే నవ్వుతాడు.

తొమ్మిదిన్నరకు కొండ మీద చదును నేల మీదికి చేరాం. రాళ్లు పేర్చి కట్టిన పాత ఇల్లు, మెట్లు మెట్లుగా పొలాల ఆనవాళ్లు, నాలుగు మేకలు. అది హమద్ వాళ్ల తాత పుట్టిన ఇల్లంట. ఆయన కింద ఊళ్లో మంచి ఇల్లున్నా చలికాలమంతా ఇక్కడే ఉంటాడంట. ఎనభై దాటినట్టున్నాడు. తెల్ల గడ్డం, చేతిలో కర్ర. అందర్నీ చాప మీద వరసగా కూర్చోబెట్టాడు. ఖర్జూరాలు పెట్టాడు. కర్ర పక్కన పెట్టి, ఎడమ చేత్తో పొడుగు ముక్కు కూజా, కుడి చేత్తో పిడి లేని చిన్న కప్పులు పట్టుకోని ఒక్కొక్కరికే గహ్వా పోస్తా వచ్చాడు. అది వాళ్ల కాఫీ. పాలూ చక్కెరా ఉండవు, ఏలక్కాయ వాసన.

మా ఆయన దగ్గరికి రాగానే ఈయన దిగ్గున లేచి నిలబడ్డాడు. ముసలాయన భుజం మీద చెయ్యేసి కిందికి నొక్కాడు. ఈయన కూర్చున్నట్టే కూర్చోని మళ్లీ లేచాడు. ఆయన మళ్లీ నొక్కాడు. జట్టంతా నవ్వితే, హమద్ నవ్వలా.

"భాయ్, మా పద్ధతిలో పోసేవాడు నిలబడాలి, తాగేవాడు కూర్చోవాలి. మీరు లేస్తే మా తాతకు తలవంపులు. చాలనుకుంటే కప్పు ఇట్టా ఊపి ఇవ్వండి. ఊపకపోతే ఆయన పోస్తానే ఉంటాడు" అని చెప్పాడు.

అందరూ ఊపారు, నేనూ ఊపా. మా ఆయన ఊపడే! అర్బాబ్ మనిషి పోస్తుంటే చాలు అని చెప్పడం ఆయనకు చేతకాదు. పోస్తే తాగతాడు, తాగితే పోస్తాడు. నొసట చెమటలు పడతా ఉండాయి ఈయనకు. కాళ్లు వణకతా ఉండాయి ఆ ముసలాయనకు. కూజా కూడా అటూ ఇటూ ఊగతా ఉంది. ఇద్దరిలో ఒకరూ తగ్గరు. సిసిలీ నా మోచెయ్యి గిల్లింది.

ఇంక నా వల్ల కాలా. మా ఆయన చెవి దగ్గరికి వొంగి చెప్పా. "ఏమయ్యా, ఆ పెద్దాయన కూర్చోవాలంటే నువ్వు చాలనాల. నువ్వు నోరు కట్టుకోని మర్యాద చేస్తున్నాననుకుంటుండావు, ఆయన కాళ్లు ఇరిగిపోతుండాయి. ఇయ్యాళ నువ్వే ఈ ఇంటికి వచ్చిన చుట్టానివి. ఊపు!"

మా ఆయన నా మొహం చూశాడు. ముసలాయన కాళ్లు చూశాడు. కప్పు రెండు వేళ్ల మధ్య పట్టుకోని ఊపాడు.

"అల్‌హమ్దులిల్లా!" అన్నాడు ముసలాయన. కూజా కింద పెట్టి, మా ఆయన పక్కనే చతికిలబడి, తొడకు తొడ ఆనించి, మోకాళ్లు రుద్దుకున్నాడు. యాడ పని, ఎన్నేళ్లు అని సగం అరబ్బీ సగం హిందీలో అడిగాడు. మా ఆయన చెప్పాడు. ముసలాయన కళ్లు పెద్దవి చేసి, కర్రతో నేల మీద కొట్టి కేకలేశాడు. హమద్ మాకు హిందీలో చెప్పాడు. "ఇన్నేళ్లుగా ఇక్కడుండి, పొయ్యే ముందరా మా ఇంటికి వచ్చేది? ఇంత ఆలస్యమా? అని కోప్పడుతున్నాడు."

పెళ్లికి ఆలస్యంగా వస్తే మేనమామ తిట్టినట్టుంది ఆ తిట్టు. మా ఆయన పెద్దగా నవ్వాడు. నవ్వతానే తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. నేను కూడా కొంగు ఎతుక్కోవాల్సొచ్చింది, దాన్నిండా రేగిపండ్లు.

దిగేటప్పుడు మా సంచి ఒక్కటే ఆయన భుజాన ఉంది. నా ఎనక లేడు, ముందు లేడు. దారి సన్నగా ఉన్నచోట కూడా పక్కనే నడిచి, నన్ను రాళ్లకేసి నెట్టాడు కూడా. మినీబస్సులో ముందు సీట్లో కూర్చున్నాడు. సిసిలీ తనే పొయ్యి నీళ్ల పెట్టెల పక్కన కూర్చోని, నాకు కన్ను గీటింది.

వారం తిరగకముందే విమానంలో చెన్నైలో దిగి, సెంట్రల్ దగ్గర సూళ్లూరుపేట లోకల్ ఎక్కాం. సాయంత్రం నాలుగు. పెట్టెలు సర్దంగానే మా ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎవురికీ లేచి సీటియ్యలా. గుమ్మిడిపూండి దాటాక ఎదురుగాలి వచ్చింది, ఆయన పక్కనించి లేచి ఫ్లాస్కు తీసి టీ పోసిచ్చా. తాగి, కప్పు నా ముందు పెట్టాడు. మళ్లీ పోశా. మళ్లీ పెట్టాడు. రైలు ఊగతా ఉంది, నేను ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో ఫ్లాస్కు పట్టుకోని నిలబడుండా. ఆయన కూర్చోనుండాడు! ఎన్నేళ్లుగానో నేను కోరుకుంటా వచ్చింది ఇదే కదా అని నాకు నవ్వొచ్చింది.

"ఏమయ్యా, ఊపవా?" అన్నా.

ఆయన నా కాళ్ల వంక చూశాడు. కప్పు రెండు వేళ్ల మధ్య పట్టుకోని, అచ్చం ఆ కొండ మీద ఊపినట్టే ఊపాడు.

"చాలు మే. ఇంక నువ్వు కూర్చో" అని కిటికీ సీటు నాకొదిలి పక్కకు జరిగాడు.